స్వేచ్ఛా వీడియో ఫార్మాట్లు, ఎడిటింగ్ ప్లగ్-ఇన్‌లు

వీడియోను దస్త్రంగా నిల్వ చేసే పద్ధతి తాలూకు సాంకేతిక నిర్దేశం బహిరంగంగా ప్రచురితమై, దాన్ని చదివే లేదా రాసే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా అనుమతి కోరకుండా, రాయల్టీ చెల్లించకుండా తయారు చేసుకునే వీలున్నప్పుడు ఆ పద్ధతిని స్వేచ్ఛా వీడియో ఫార్మాట్ అంటారు. ఆగ్, మట్రోస్కా, వెబ్ఎం అనే కంటైనర్లు; థియోరా, వీపీ8, వీపీ9, ఏవీ1, ఎఫ్ఎఫ్‌వీ1 అనే వీడియో కోడెక్‌లు; వోర్బిస్, ఓపస్, ఫ్లాక్ అనే శబ్ద కోడెక్‌లు ఈ వర్గంలో ప్రసిద్ధమైనవి. బ్రౌజర్లు, వీడియో ప్లేయర్లు వీటిలో చాలావాటిని నేరుగా ప్రదర్శిస్తున్నప్పటికీ, వాణిజ్య ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వీటిని చాలాకాలం గుర్తించలేదు. కొన్నింటిని నేటికీ పూర్తిగా గుర్తించవు. ఆ లోటును పూడ్చడానికి బయటినుంచి తెచ్చి మూల సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న అనుబంధ సాఫ్ట్‌వేర్ ప్లగ్-ఇన్. ఈ రెండింటి చరిత్రను కలిపి పరిశీలిస్తే, నిర్దేశం అందరి చేతిలో ఉన్నందువల్ల ఫార్మాట్ దీర్ఘకాలం నిలవడమూ, తాను తగులుకోవలసిన ద్వారం వేరొక సంస్థ అధీనంలో ఉన్నందువల్ల ప్లగ్-ఇన్ తరచు అల్పాయుష్షుతోనే ముగియడమూ స్పష్టంగా కనిపిస్తాయి.

కంటైనర్, కోడెక్, హక్కులు

దస్త్రం పేరు చివర కనిపించే ఎంకేవీ, ఎంపీ4, ఎంఓవీ వంటి అక్షరాలనే సామాన్య వ్యవహారంలో ఫార్మాట్ అంటుంటారు గాని, అవి తెలిపేది కంటైనర్‌ను మాత్రమే. బొమ్మల ప్రవాహాన్ని, శబ్ద ప్రవాహాలను, ఉపశీర్షికలను, ఏ బొమ్మ ఏ క్షణంలో కనిపించాలో చెప్పే కాలసూచికలను ఒకచోట క్రమంగా అమర్చడం కంటైనర్ పని. లోపల ఉన్న బొమ్మలను గణిత పద్ధతులతో కుదించి, తిరిగి విప్పేది కోడెక్. ఒకే కంటైనర్‌లో వేర్వేరు కోడెక్‌లు ఇమిడి ఉండవచ్చు గనుక, ఎంకేవీ దస్త్రం ఒకటి తెరుచుకున్న సాఫ్ట్‌వేర్‌లో మరొక ఎంకేవీ తెరుచుకోకపోవడంలో వింత లేదు. ప్లగ్-ఇన్‌ను ఎంచుకునే ముందు కొరత కంటైనర్‌ను చదవడంలో ఉందా, కోడెక్‌ను విప్పడంలో ఉందా అన్నది తేల్చుకోవలసి ఉంటుంది. మొదటిదే అయితే బొమ్మలను ముట్టుకోకుండా కంటైనర్‌ను మాత్రం మార్చే రీమక్సింగ్ అనే పద్ధతితో, ఇంచుమించు దస్త్రాన్ని నకలు తీసినంత సమయంలోనే, నాణ్యతా నష్టం లేకుండా పని పూర్తవుతుంది.

ఓపెన్ సోర్స్ అన్న మాటను ఈ రంగంలో కొంత జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది, ఎందుకంటే సోర్స్ కోడ్ లభ్యత, నిర్దేశపు ప్రచురణ, పేటెంట్ల నుంచి విముక్తి అనే మూడూ వేర్వేరు విషయాలు. ఎక్స్264 అనే ఎన్‌కోడర్ సోర్స్ కోడ్ జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ లభిస్తుంది గాని, అది తయారు చేసే హెచ్.264 వీడియో అనేక సంస్థల పేటెంట్లకు లోబడినది. యాపిల్ సంస్థ 2007లో ప్రవేశపెట్టిన ప్రోరెస్ నిర్మాణం 2015లో చలనచిత్ర, టెలివిజన్ ఇంజినీర్ల సంఘమైన ఎస్ఎంపీటీఈ ద్వారా ప్రచురితమైనప్పటికీ, ఆ కోడెక్ యాజమాన్యం యాపిల్‌దే. మూడు షరతులనూ నెరవేర్చే ఉద్దేశంతో రూపొందినవి థియోరా, వీపీ9, ఏవీ1 వంటి కొద్దిపాటివే. అక్కడ కూడా పేటెంట్ల ప్రశ్న పూర్తిగా సమసిపోయిందని చెప్పలేము. వీపీ8 విషయంలో ఎంపెగ్ ఎల్ఏ అనే పేటెంట్ నిర్వహణ సంస్థతో గూగుల్ 2013లో ఒప్పందం కుదుర్చుకోవలసి వచ్చింది. ఏవీ1పై తమ సభ్యులకు హక్కులున్నాయంటూ సిస్వెల్ సంస్థ 2019లో ఒక పేటెంట్ సమూహాన్ని ప్రకటించింది.

స్వేచ్ఛా ఫార్మాట్ల పరిణామం

2001లో ఆన్2 టెక్నాలజీస్ అనే అమెరికన్ సంస్థ తన వీపీ3 కోడెక్ సోర్స్ కోడ్‌ను విడుదల చేసి, దానికి సంబంధించిన పేటెంట్లను అందరూ ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆగ్ కంటైనర్‌ను, వోర్బిస్ శబ్ద కోడెక్‌ను అప్పటికే నిర్మిస్తున్న జిఫ్.ఆర్గ్ ఫౌండేషన్ ఆ కోడ్‌ను ఆధారం చేసుకుని థియోరాను రూపొందించింది. దాని బిట్ల అమరిక 2004లోనే స్థిరపడినప్పటికీ 1.0 కూర్పు వెలువడింది 2008 నవంబరులో. 2009 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3.5 థియోరాను నేరుగా ప్రదర్శించడంతో, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా వెబ్ పేజీలో వీడియో చూడడం స్వేచ్ఛా ఫార్మాట్‌తో సాధ్యమైంది.

థియోరా ప్రాభవం ఎక్కువ కాలం సాగలేదు. 2010 ఫిబ్రవరిలో ఆన్2 సంస్థను కొనుగోలు చేసిన గూగుల్, అదే ఏడాది మేలో వీపీ8 కోడెక్‌ను, వోర్బిస్ శబ్దాన్ని, మట్రోస్కాలోని కొన్ని అంశాలను ఏరి కూర్చిన కంటైనర్‌ను కలిపి వెబ్ఎం పేరుతో విడుదల చేసింది. 2013లో వీపీ9 స్థిరపడింది. 2015 సెప్టెంబరులో అమెజాన్, సిస్కో, గూగుల్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, నెట్‌ఫ్లిక్స్ సంస్థలు అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియాగా ఏర్పడి, గూగుల్ వీపీ10, జిఫ్-మొజిల్లాల డాలా, సిస్కో థోర్ అనే కోడెక్ ప్రయోగాలను ఒకచోటికి చేర్చి 2018లో ఏవీ1ను ప్రకటించాయి. థియోరాను 2024లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ తొలగించాయి. అయినా నిర్దేశమూ డీకోడర్ కోడూ అందరికీ అందుబాటులో ఉన్నందువల్ల, 2009 నాటి థియోరా వీడియోను వీఎల్‌సీ ప్లేయర్ గాని, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే స్వేచ్ఛా మార్పిడి సాధనం గాని నేటికీ ఏ ఇబ్బందీ లేకుండా తెరుస్తాయి.

ప్రామాణీకరణ కూడా కాలక్రమంలో బలపడింది. ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ ఓపస్‌ను 2012లో, ఎఫ్ఎఫ్‌వీ1ను 2021లో, మట్రోస్కాను, ఫ్లాక్‌ను 2024లో తన ప్రచురణల్లో చేర్చింది. 2002 డిసెంబరులో మొదలైన మట్రోస్కా ఇరవై ఏళ్లకు పైగా వాడుకలో నలిగిన తరువాతే ఆ హోదా పొందిందన్న మాట.

ఎడిటింగ్‌కు కావలసినవి వేరు

వీక్షకుడికి వీడియో మొదటినుంచి చివరిదాకా ఒక దిశలో సాగితే చాలు. ఎడిటర్ మాత్రం టైమ్‌లైన్‌పై ముందుకూ వెనక్కూ జరుగుతూ, ఒక్కొక్క ఫ్రేము దగ్గర ఆగుతూ, ఒకేసారి అయిదారు వీడియో పొరలను నడిపిస్తాడు. స్వేచ్ఛా కోడెక్‌లలో అత్యధికం ప్రసారం కోసం పుట్టినవి; అవి అప్పుడప్పుడు మాత్రమే ఒక పూర్తి బొమ్మను, అంటే కీ ఫ్రేమును, దాచి, మధ్యలోని ఫ్రేములకు ముందు వెనుక బొమ్మలతో పోల్చినప్పుడు వచ్చిన తేడాలను మాత్రమే దాస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వెయ్యో ఫ్రేమును అడిగినప్పుడు ప్లగ్-ఇన్ వెనక్కు వెళ్లి కీ ఫ్రేమును పట్టుకుని, అక్కడినుంచి వరుసగా విప్పుకుంటూ రావలసి ఉంటుంది. కీ ఫ్రేముల మధ్య దూరం వందల్లో ఉంటే ఒక్క అడుగు వెనక్కు వేయడానికి కూడా కంప్యూటర్ తడబడుతుంది. ఈ కారణంగానే వెబ్ఎం దస్త్రాలను యథాతథంగా టైమ్‌లైన్‌పై పెట్టి సుదీర్ఘంగా ఎడిట్ చేయడాన్ని అనుభవజ్ఞులు ప్రోత్సహించరు.

ఆగ్ కంటైనర్ ఈ ఇబ్బందిని మరింత పెంచింది. నిరంతర ప్రవాహంగా పంపడానికి ఉద్దేశించిన ఈ కంటైనర్‌లో మొదట విషయసూచిక లేదు. కావలసిన చోటును వెతకడానికి దస్త్రాన్ని సగాలుగా విభజించుకుంటూ పోవాలి. పైగా అందులోని కాలసూచిక అర్థం ఒక్కో కోడెక్‌కు ఒక్కో విధంగా ఉంటుంది గనుక, కోడెక్‌ను ఎరగని కంటైనర్ రీడర్‌కు సమయం కూడా తెలియదు. కంటైనర్‌ను ఒక భాగమూ, కోడెక్‌ను మరొక భాగమూ విడివిడిగా చూసుకునేలా నిర్మితమైన ఎడిటింగ్ వ్యవస్థల్లో ఇమడడం ఆగ్‌కు మొదటినుంచీ కష్టమైంది. మట్రోస్కా ఈ విషయంలో సూచికలను చేర్చుకుని చాలా మెరుగ్గా ఉన్నా, దానికీ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. సాధారణ అమరికలో అది కాలాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తుంది. భారతదేశపు టెలివిజన్ పద్ధతి ప్రకారం సెకనుకు 25 ఫ్రేములున్న వీడియోలో ఒక్కో ఫ్రేము సరిగ్గా 40 మిల్లీసెకన్లు గనుక ఏ సమస్యా రాదు. సినిమా పద్ధతిలో 24 ఫ్రేములైతే ఒక్కొక్కటి 41.67 మిల్లీసెకన్లు అవుతుంది. దాన్ని పూర్ణాంకాలుగా సవరించినప్పుడు 0, 42, 83, 125 అని కాలసూచికలు ఎగుడుదిగుడు అంతరాలతో నమోదవుతాయి. అడోబీ సంస్థ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన ప్రీమియర్ తన లోపలి గడియారంలో సెకనును 25,401.6 కోట్ల భాగాలుగా విభజించి, వాడుకలో ఉన్న ఫ్రేము రేట్లన్నింటికీ నిశ్శేషంగా భాగహారం కుదిరేలా చూసుకుంటుంది. ఇంతటి సూక్ష్మమైన కొలతకు అలవాటు పడిన సాఫ్ట్‌వేర్‌కు మిల్లీసెకన్ల అంకెలను అలాగే అందిస్తే, స్థిరమైన వేగంతో తీసిన వీడియోను కూడా అది అస్థిర ఫ్రేము రేటు వీడియోగా పొరబడుతుంది. మంచి ప్లగ్-ఇన్ ఆ అంతరాల వెనుక ఉన్న అసలు రేటును ఊహించి సరిదిద్దుతుంది. నాసిరకపు ప్లగ్-ఇన్‌తో నిడివి పెరిగేకొద్దీ పెదవుల కదలికకూ మాటకూ పొంతన తప్పుతుంది.

మొబైల్ ఫోన్లు, కంప్యూటర్ తెరను రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లు నిజంగానే అస్థిర రేటుతో రికార్డు చేయడం కద్దు. అటువంటి వీడియోను ఎడిటింగ్‌కు ముందే స్థిర రేటుకు మార్చుకోవడం తప్ప ప్లగ్-ఇన్‌తో పరిష్కారం లేదు.

రంగుల విషయంలోనూ ప్లగ్-ఇన్ బాధ్యత తక్కువది కాదు. వీడియో కోడెక్‌లు వెలుగును ఒక విలువగా, రంగును రెండు విలువలుగా విడదీసి, రంగు విలువలను తక్కువ సాంద్రతతో దాస్తాయి. ప్రతి నాలుగు పిక్సెల్‌లకు ఒక జత రంగు విలువలు దాచే పద్ధతిని 4:2:0 అంటారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలనే కోరుతుంది గనుక, ఏ సూత్రంతో మార్చాలో ప్లగ్-ఇన్ నిర్ణయించాలి. పాత టెలివిజన్‌కు ఉద్దేశించిన బీటీ.601 సూత్రాన్ని, హైడెఫినిషన్‌కు ఉద్దేశించిన బీటీ.709కు బదులుగా వాడితే చర్మపు ఛాయ స్వల్పంగా మారుతుంది. 16 నుంచి 235 వరకు పరిమితమైన వెలుగు విలువలను 0 నుంచి 255 వరకు ఉన్నట్టు చదివితే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. ప్లగ్-ఇన్ ద్వారా వచ్చిన వీడియో వెలిసిపోయినట్టుందన్న ఫిర్యాదులకు తరచు ఇదే మూలం.

ప్లగ్-ఇన్ నిర్మాణ పద్ధతులు

ప్లగ్-ఇన్ అన్న పేరుతో ఎడిటింగ్‌లో రెండు భిన్న వర్గాలు వ్యవహారంలో ఉన్నాయి. రంగులు సవరించడం, మసక చేయడం వంటి ప్రభావాలను జోడించేవి ఒక వర్గం. ది ఫౌండ్రీ సంస్థలో మొదలైన ఓపెన్ఎఫ్ఎక్స్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వర్గాల ఫ్రైజీరో ఈ వర్గానికి చెందిన ఉమ్మడి ప్రమాణాలు. దస్త్రాలను చదివే, రాసే ప్లగ్-ఇన్‌లు రెండో వర్గం. ప్రభావాల ప్లగ్-ఇన్‌లకు అనేక సాఫ్ట్‌వేర్లు అంగీకరించిన ఉమ్మడి ప్రమాణం ఏర్పడినా, దస్త్రాల ప్లగ్-ఇన్‌లకు అటువంటిది ఏర్పడలేదు. ఈ వ్యాసానికి సంబంధించిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఆ లోటే.

తొలి దశలో ఈ బాధ్యతను ఆపరేటింగ్ సిస్టమే మోసింది. విండోస్‌లో వీడియో ఫర్ విండోస్, ఆపై డైరెక్ట్‌షో, మ్యాక్‌లో క్విక్‌టైమ్. ఒక కోడెక్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కసారి స్థాపిస్తే, ఆ వ్యవస్థను ఆశ్రయించిన సాఫ్ట్‌వేర్లన్నింటిలోనూ అది ప్రత్యక్షమయ్యేది. జిఫ్ సంస్థ విడుదల చేసిన క్విక్‌టైమ్ కాంపోనెంట్లను స్థాపించుకుంటే ఐమూవీ, నాటి ఫైనల్ కట్ ప్రో వంటి సాఫ్ట్‌వేర్లు ఆగ్ దస్త్రాలను చదవడమే గాక, ఎగుమతి జాబితాలో థియోరా, వోర్బిస్ పేర్లను కూడా చూపేవి. మట్రోస్కాతో పాటు ఎన్నో ఫార్మాట్లను క్విక్‌టైమ్‌లోకి తెచ్చిన పెరియన్ అనే స్వేచ్ఛా ప్లగ్-ఇన్ మ్యాక్ వాడుకరుల్లో విశేష ప్రచారం పొందింది. జపాన్‌లో తయారైన యూటీ వీడియో అనే నష్టరహిత కోడెక్ రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల ద్వారాలకూ తగినట్టు విడుదలైంది.

ఈ ఏర్పాటు కూలిపోవడానికి పదేళ్లు కూడా పట్టలేదు. యాపిల్ క్విక్‌టైమ్ స్థానంలో ఏవీఫౌండేషన్ అనే కొత్త వ్యవస్థను నిర్మించింది. అందులో బయటివారి కోడెక్‌లకు ద్వారం పెట్టలేదు. పెరియన్ నిర్మాతలు 2012లో పని విరమించారు. విండోస్ క్విక్‌టైమ్‌లో భద్రతా లోపాలు బయటపడి, యాపిల్ దాన్ని సరిదిద్దడం మానుకున్నందువల్ల, 2016 ఏప్రిల్‌లో అమెరికా అంతర్గత భద్రతా శాఖ ఆ సాఫ్ట్‌వేర్‌ను తొలగించుకోవలసిందిగా సలహా ఇచ్చింది. 2018లో అడోబీ తన వీడియో సాఫ్ట్‌వేర్లలో క్విక్‌టైమ్ 7పై ఆధారపడిన కోడెక్‌లకు మద్దతు నిలిపివేసింది. 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ కాటలీనా 32-బిట్ సాఫ్ట్‌వేర్లన్నింటినీ నిరాకరించడంతో పాత కాంపోనెంట్ల కథ పూర్తయింది. ఇందులో ఒక్క స్వేచ్ఛా ఫార్మాట్ కూడా పాతబడిపోయినందువల్ల చావలేదన్నది గమనించదగినది. తగులుకునే కొక్కెం పోయింది, అంతే. మ్యాక్ఓఎస్ 15తో 2024లో యాపిల్ మీడియా ఎక్స్‌టెన్షన్ అనే వ్యవస్థను ప్రవేశపెట్టి, బయటివారి కంటైనర్ రీడర్లకూ వీడియో డీకోడర్లకూ మళ్లీ అనుమతి ఇచ్చింది.

ఆపరేటింగ్ సిస్టమ్ తప్పుకున్నచోట ప్రతి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కూ విడివిడిగా ప్లగ్-ఇన్ రాయవలసిన పరిస్థితి వచ్చింది. ప్రీమియర్‌లో దస్త్రాన్ని చదివేదాన్ని ఇంపోర్టర్ అనీ, రాసేదాన్ని ఎక్స్‌పోర్టర్ అనీ వ్యవహరిస్తారు. వీటిని మీడియాకోర్ అనే ఉమ్మడి సంచయంలో ఉంచితే ప్రీమియర్‌తో పాటు అడోబీ మీడియా ఎన్‌కోడర్ కూడా గుర్తిస్తుంది. ఫ్నార్డ్ పేరుతో వెలువడిన వెబ్ఎం ప్లగ్-ఇన్ ఈ పద్ధతిలోనే ప్రీమియర్‌కు వీపీ8, వీపీ9లను అందించింది. వోకోడర్ అనే మరొక ప్లగ్-ఇన్ దారి ఇంకా విశాలమైనది: ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎన్‌కోడర్లను ఒక కేంద్ర భాగంలో ఉంచి, ప్రీమియర్, వేగాస్, రిజాల్వ్ వంటి ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌కు తగిన చిన్న అనుసంధాన భాగాన్ని మాత్రం వేరుగా రాయడం దాని ప్రత్యేకత. మారే ద్వారాల బెడద అనుసంధాన భాగానికే పరిమితమై, కేంద్ర భాగం సురక్షితంగా ఉండే ఈ అమరిక గత అనుభవాల నుంచి నేర్చుకున్నదిగా కనిపిస్తుంది. డావించీ రిజాల్వ్ ఎన్‌కోడర్ ప్లగ్-ఇన్‌లకు తన స్టూడియో అనే చెల్లింపు కూర్పులో చోటిచ్చి, నమూనాగా ఎక్స్264 ప్లగ్-ఇన్‌ను డెవలపర్ల కిట్‌లో చేర్చింది.

ప్లగ్-ఇన్ అవసరాన్నే తప్పించుకునే పాత ఉపాయం ఫ్రేమ్‌సర్వింగ్. డీబగ్‌మోడ్ ఫ్రేమ్‌సర్వర్ వంటి సాధనాలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేస్తున్న ఫ్రేములను డిస్కుపై రాయకుండా, ఒక బూటకపు ఏవీఐ దస్త్రంగా మరొక సాఫ్ట్‌వేర్‌కు చూపుతాయి. ఆ రెండో సాఫ్ట్‌వేర్ వాటిని నిజమైన దస్త్రమనుకుని నచ్చిన కోడెక్‌లో కుదించుకుంటుంది. 2000 ప్రాంతంలో పుట్టిన ఏవీసింత్ ఇదే సూత్రాన్ని స్క్రిప్టు భాషగా విస్తరించింది.

స్వేచ్ఛా ఎడిటర్లలో ప్లగ్-ఇన్ స్థానం

కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్, బ్లెండర్ వీడియో సీక్వెన్సర్ వంటి స్వేచ్ఛా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఈ సమస్య వేరే రూపం దాలుస్తుంది. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలు వీటన్నింటికీ అడుగున ఉన్నందువల్ల, ఆ లైబ్రరీ ఎరిగిన ప్రతి ఫార్మాటూ వీటిలో సహజంగానే తెరుచుకుంటుంది. జీస్ట్రీమర్ వ్యవస్థపై నిర్మితమైన పిటివి అనే ఎడిటర్ మాత్రం లోపలే ప్లగ్-ఇన్‌ల సమూహాలను ఆశ్రయిస్తుంది. జీస్ట్రీమర్ తన ప్లగ్-ఇన్‌లను గుడ్, బ్యాడ్, అగ్లీ అని విభజించింది: నాణ్యతా లైసెన్సూ రెండూ సక్రమంగా ఉన్నవి మొదటి సమూహంలో, ఇంకా పరిపక్వం కానివి రెండో సమూహంలో, నాణ్యత బాగున్నా పేటెంట్ల వంటి కారణాలతో పంపిణీకి ఇబ్బంది ఉన్నవి మూడో సమూహంలో ఉంటాయి. న్యాయపరమైన చిక్కును సాంకేతిక లోపం నుంచి వేరు చేసి చూపిన ఈ వర్గీకరణ హాస్యంగా తోచినా, లినక్స్ పంపిణీదారులకు ఎంతో ఉపకరించింది.

బ్లెండర్ సంస్థ నిర్మించిన ఎలిఫెంట్స్ డ్రీమ్ (2006), బిగ్ బక్ బన్నీ (2008), సింటెల్ (2010), టియర్స్ ఆఫ్ స్టీల్ (2012) అనే లఘుచిత్రాలు స్వేచ్ఛగా పంచుకునే లైసెన్సుతో విడుదలై, కోడెక్‌ల, ప్లగ్-ఇన్‌ల పరీక్షకు ప్రపంచమంతటా వాడే నమూనాలుగా స్థిరపడ్డాయి.

లైసెన్సుల పొంతన

యాజమాన్య సాఫ్ట్‌వేర్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్లగ్-ఇన్‌గా ఉంచినప్పుడు లైసెన్సుల ప్రశ్న తలెత్తుతుంది. రెండూ ఒకే జ్ఞాపక ప్రదేశంలో కలిసి పనిచేస్తూ పరస్పరం పిలుచుకుంటే అవి ఉమ్మడి కృతి అవుతాయనీ, కాబట్టి జీపీఎల్ షరతులు మొత్తానికి వర్తిస్తాయనీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయం. థియోరా, వీపీ9, ఏవీ1 డీకోడర్ డేవిడ్ వంటి లైబ్రరీలను బీఎస్‌డీ వర్గానికి చెందిన సరళమైన లైసెన్సు కింద విడుదల చేయడంలో, వాణిజ్య సాఫ్ట్‌వేర్లలో చేరడానికి ఆటంకం ఉండకూడదన్న ముందుచూపు ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాధారణంగా ఎల్‌జీపీఎల్ కింద లభిస్తుంది గాని, అందులో ఎక్స్264ను చేర్చి నిర్మిస్తే మొత్తం జీపీఎల్ అవుతుంది. కొందరు ప్లగ్-ఇన్ నిర్మాతలు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను వేరే ప్రక్రియగా నడిపించి, ఫ్రేములను పైపు ద్వారా పంపడంలోని కారణాల్లో ఇదీ ఒకటి. ఎన్‌కోడర్ కుప్పకూలినా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూతపడకుండా ఉండడం దానివల్ల కలిగే అదనపు ప్రయోజనం.

వికీమీడియా, తెలుగు వాడుక

స్వేచ్ఛా ఫార్మాట్లను ఎడిటర్లకు అనివార్యం చేసిన సంస్థల్లో వికీమీడియా ముఖ్యమైనది. వికీపీడియా వ్యాసాల్లో వాడే వీడియోలకు నిలయమైన వికీమీడియా కామన్స్ మొదట థియోరాను, తరువాత వెబ్ఎంను స్వీకరించింది. ఎంపీ4ను అనుమతించాలన్న ప్రతిపాదనపై 2014లో జరిగిన చర్చలో వాడుకరుల సముదాయం అందుకు సమ్మతించలేదు. తెలుగు వికీపీడియాలో ఒక జాతరనో, కూచిపూడి ప్రదర్శననో, చేనేత మగ్గం పనితీరునో వీడియోగా చేర్చదలచినవారు, ఫోనులోనో కెమెరాలోనో హెచ్.264గా నమోదైన దృశ్యాన్ని వెబ్ఎం వంటి అనుమతి ఉన్న ఫార్మాట్‌కు మార్చక తప్పదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ప్లగ్-ఇన్ ద్వారా నేరుగా వెబ్ఎంకు ఎగుమతి చేయడం ఒక మార్గం. అధిక నాణ్యతతో మధ్యంతర దస్త్రాన్ని తీసి ఎఫ్ఎఫ్ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ వంటి సాధనాలతో మార్చుకోవడం మరొకటి. వీడియో2కామన్స్ అనే వెబ్ సాధనానికి ఆ పని అప్పగించడం ఇంకొకటి. కుదించిన వీడియోను మళ్లీ కుదించిన ప్రతిసారీ నాణ్యత తరుగుతుంది, పైగా కామన్స్ సర్వర్లు దస్త్రాన్ని అందుకున్న తరువాత వివిధ పరిమాణాల్లో మళ్లీ కుదిస్తాయి గనుక, అక్కడికి పంపే ప్రతిలో నాణ్యతను ఒక మెట్టు ఎక్కువగానే ఉంచడం మంచిది. నాణ్యతను నిర్ణయించే సీఆర్ఎఫ్ అనే అంకె ఎంత తక్కువైతే బొమ్మ అంత మేలుగా వస్తుంది. అయితే ఎక్స్264లో ఆ కొలమానం 0 నుంచి 51 వరకు, వీపీ9లో 0 నుంచి 63 వరకు ఉన్నందువల్ల, ఒకదాని అలవాటుతో రెండోదానిలో అదే అంకెను వేయడం తగదు.

ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పాఠాలను తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో అందించింది. రికార్డ్‌మైడెస్క్‌టాప్ అనే తెర రికార్డరు థియోరాలో తయారు చేసే వీడియోలపై, ప్రాంతీయ భాషల వ్యాఖ్యానాన్ని వేరుగా జోడించే విధానాన్ని అది అనుసరించింది. బొమ్మను మళ్లీ కుదించకుండా శబ్ద ప్రవాహాన్ని మాత్రం మార్చగలగడం, కంటైనర్ నిర్మాణం బహిరంగంగా ఉండడంవల్ల చేకూరే సౌలభ్యం.

మధ్యంతర ఫార్మాట్ల కొరత

ఒక వీడియో జీవితంలో చిత్రీకరణ, ఎడిటింగ్, ప్రసారం, భద్రపరచడం అనే దశలున్నాయనుకుంటే, ప్రసారంలో వీపీ9, ఏవీ1, భద్రపరచడంలో ఎఫ్ఎఫ్‌వీ1 గట్టి స్థానం సంపాదించుకున్నాయి. ఎడిటింగ్ దశలో మాత్రం యాపిల్ ప్రోరెస్, ఎవిడ్ డీఎన్ఎక్స్‌హెచ్‌డీ ఆధిపత్యం చాలాకాలం చెక్కుచెదరలేదు. ఈ మధ్యంతర కోడెక్‌లు ప్రతి ఫ్రేమునూ స్వతంత్రంగా, స్వల్ప నష్టంతో కుదిస్తాయి; దస్త్రం పెద్దదైనా విప్పడం తేలిక. కుదింపు లేని 1920×1080 వీడియోను 8-బిట్ 4:2:2 పద్ధతిలో 25 ఫ్రేముల రేటుతో దాచాలంటే సెకనుకు దాదాపు 104 మెగాబైట్లు, గంటకు 373 గిగాబైట్లు కావాలి గనుక కుదింపు లేకుండా పని జరగదు.

బీబీసీ పరిశోధన విభాగం రూపొందించిన డిరాక్ నుంచి వచ్చిన వీసీ-2, స్టూడియోలకు ఉద్దేశించినదే అయినా ఎడిటర్ల టేబుల్ దాకా రాలేదు. గోప్రో యాజమాన్యంలోని సినీఫార్మ్ 2017లో ఓపెన్ సోర్స్‌గా మారింది. ప్రీమియర్ దాన్ని అంతకుముందు నుంచే ప్లగ్-ఇన్ అవసరం లేకుండా గుర్తిస్తుండడంవల్ల, స్వేచ్ఛా మధ్యంతర కోడెక్‌గా అది అత్యంత ఆచరణయోగ్యమైన వాటిలో ఒకటి. వేదికలపై పెద్ద తెరల ప్రదర్శనకు ఉద్దేశించిన హ్యాప్ కోడెక్ గ్రాఫిక్స్ కార్డు మీదే విప్పుకునేలా నిర్మితమైంది. క్విక్‌టైమ్ మూతపడినప్పుడు దిక్కులేకుండా పోయిన ఈ కోడెక్‌కు, ప్రదర్శనా సర్వర్లు తయారు చేసే డిస్‌గైజ్ సంస్థ అడోబీ సాఫ్ట్‌వేర్లకు తగిన ఓపెన్ సోర్స్ ఎగుమతి ప్లగ్-ఇన్‌ను అందించింది. విజువల్ ఎఫెక్ట్స్ శాఖలు ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ 2003లో విడుదల చేసిన ఓపెన్ఈఎక్స్ఆర్ బొమ్మల వరుసలను వాడుతూ, వీడియో కోడెక్ సమస్యనే పక్కన పెట్టాయి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాజెక్టులో మైకేల్ నీడర్‌మేయర్ రూపొందించిన ఎఫ్ఎఫ్‌వీ1 ఒక్క బిట్టు కూడా పోకుండా కుదిస్తుంది. దాని మూడో కూర్పు ప్రతి ఫ్రేమును ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కకు సరిచూపు సంఖ్యను జోడిస్తుంది గనుక, దస్త్రం ఎక్కడ చెడిందో కచ్చితంగా తెలుస్తుంది. ఆస్ట్రియా జాతీయ దృశ్యశ్రవణ భాండాగారమైన ఓస్టర్‌రైకిషే మీడియాటెక్, కెనడాలోని వాంకూవర్ నగర ఆర్కైవ్స్ వంటివి దీన్ని ఎంచుకున్నాయి. విప్పడానికి ప్రాసెసర్‌పై పడే భారం ఎక్కువైనందువల్ల ఎడిటర్లు దీనికి దూరంగా ఉన్నారు. 2025లో వెలువడిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ 8.0 ఆ పనిని గ్రాఫిక్స్ కార్డుకు మళ్లించే ఏర్పాటును బలపరచింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 16, సామ్‌సంగ్ చొరవతో రూపొందిన ఏపీవీ అనే రాయల్టీ రహిత కోడెక్‌కు మద్దతు చేర్చింది. ప్రోరెస్ మాదిరిగా ప్రతి ఫ్రేమునూ విడిగా కుదించే ఈ కోడెక్‌ను ఎఫ్ఎఫ్ఎంపెగ్ 8.0 కూడా చదువుతుంది. ఫోను చిత్రీకరించిన దృశ్యమే ఎడిటింగ్‌కు అనువైన స్వేచ్ఛా ఫార్మాట్‌లో చేతికి వస్తే, మధ్యంతర మార్పిడి అవసరమే తగ్గిపోతుంది. దాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు నేరుగా స్వీకరిస్తాయా, ప్లగ్-ఇన్‌లకు వదిలేస్తాయా అన్నది వాటి నిర్మాతల చేతుల్లోనే ఉంది.